గొంతు మీద చేతులు

పదకొండింటికి కరెంటు పోతుందని ముందే తెలిసినందువల్ల, దేవిశ్రీ ఆ శనివారం ఉదయం తల కూడా దువ్వుకోకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రత్యేక రాష్ట్రం కోసం సాగుతున్న సకల జనుల సమ్మె మూడో వారంలోకి వచ్చింది. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్లు పనిలోకి దిగడం లేదు. అందువల్ల ప్రగతి నగర్‌లో రోజుకు నాలుగు గంటలు ఫ్యాన్లు ఆగిపోతున్నాయి. అందువల్లనే ఆమె చేతిలో ఇక గంటా పది నిమిషాలే మిగిలాయి. జరిగినదాంట్లో తొందర వాటా ఎంత, భయం వాటా ఎంత అని తరువాత ఆమె చాలాసార్లు తూచి చూసుకుంది. రెండూ విడదీయడానికి వీల్లేనంతగా కలిసిపోయాయని మాత్రమే తేలింది.

వాళ్లు ముగ్గురు, జర్నలిజం చివరి సంవత్సరం విద్యార్థులు. తామున్న పరిసరాల మీద ఎనిమిది నిమిషాల వీడియో చిత్రం తీసి అధ్యాపకుడు రామ్మోహనరావుకు ఇవ్వాలి. కెమెరా శివశంకర్‌ది. కర్నూలు నుంచి వచ్చి మూసాపేటలో స్థిరపడిన కుటుంబం వాళ్లది, తండ్రి ఇళ్ల స్థలాల వ్యాపారి. మనుషులను వెదికి మాట్లాడించడం మహేందర్ పని. మెదక్ జిల్లా నుంచి వచ్చి మాదాపూర్ పాత ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. శబ్దమూ ఎడిటింగూ దేవిశ్రీవి. సమ్మె రోజుల్లో అద్దాల మేడలను ఎవరు తుడుస్తున్నారన్నది వాళ్లు ఎంచుకున్న విషయం.

జవాబు మహేందర్ గదికి ఎదురింట్లోనే దొరికింది. ఈరమ్మకు యాభై దాటి ఉంటాయి. ఏడంతస్తుల ఆఫీసులో నేలలు తుడిచే పని. బస్సులు ఆగిపోయిన వారంలో, ఇంటికి పోతే తిరిగి రారని ఆ భవనంలో పని చేయించే ఏజెన్సీ ఆడవాళ్ల గుర్తింపు కార్డులు తీసేసుకుంది. కార్డు లేకుండా గేటు దాటనివ్వరు. కెమెరా ముందు ఈరమ్మ ఆ సంగతి చెప్పినప్పుడు గొంతు పెంచలేదు, కన్నీళ్లు పెట్టలేదు.

"సోమారం పొద్దుగాల లోపలికి వోయినోళ్లం, శుక్రారం పొద్దుమూకినంక బయటవడ్డం. కింద బండ్లు వెట్టే కాడ, జనరేటర్ పక్కన అట్టలు పరుసుకొని పండినం. ఆ పొగకు ఒక పిల్ల కండ్లు తిరిగి పడ్డది. మొఖం మీద నీళ్లు గొట్టి, లేపి, మల్ల బకెట్ చేతికిచ్చిండ్రు."

మాట్లాడించడం అయ్యాక ఆమె ఒకటే అడిగింది, మొఖం రానియ్యొద్దని. నౌకరి పోతుందని. దేవిశ్రీ మాట ఇచ్చింది. ఆ మాటను ఆమె ఎంత పట్టుదలగా నిలుపుకుందంటే, మొదట ముఖాన్ని మసకబరిచింది. అది వార్తల్లో దొంగలను చూపినట్టుందని శివశంకర్ అనడంతో ముఖాన్ని పూర్తిగా తీసేసింది. గొంతును రెండు మెట్లు కిందికి దించి, ఈరమ్మ కొడుకు విన్నా పోల్చుకోలేనట్టు చేసింది. చివరికి శుక్రవారం సాయంత్రం అసలు దృశ్యాన్ని కంప్యూటరులోనూ కెమెరా కార్డులోనూ మహేందర్ చూస్తుండగా చెరిపేసింది. ఇక ఎవరు వెదికినా ఏమీ దొరకదని ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

అయితే నలభై సెకన్ల గొంతు మిగిలింది, దాని కింద బొమ్మ లేదు. నల్లటి తెర మీద నలభై సెకన్లు ఎవరూ చూడరు. పదీ ముప్పై అయిదుకు ఆమె మిగతా దృశ్యాలన్నీ ఒక్కొక్కటే తెరిచింది. గేటు, అద్దాల మీద మబ్బులు, పోలీసుల ఇనుప ముళ్లకంచె. అవన్నీ అప్పటికే వాడేసినవి. అప్పుడు పండుగ మొదటి రోజున, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, ఈరమ్మ పక్కింట్లో శివశంకర్ ఊరికే తీసిన ముక్క కనబడింది. భాగ్యమ్మ అనే ఆవిడ గునుగుపూల కొసలను రంగునీళ్లలో ముంచి తీస్తోంది. ముఖం లేదు, చేతులు మాత్రమే. ముంచడం, విదిలించడం, వరసగా పేర్చడం. వెలుతురు పక్కనుంచి పడి వేళ్ల గణుపులన్నీ స్పష్టంగా ఉన్నాయి. పనిచేసే చేతులు, ముఖం లేని చేతులు. గొంతు మీద వాటిని పరవగానే ఆ రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టు అతుక్కున్నాయి. ముఖం కనబడని మనిషిని అనుమతి అడగాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఎడిటింగు నేర్చినవాళ్లు చేతులను ఖాళీ నింపే బొమ్మగానే చూస్తారు.

చివర పేర్లు వేయాలి. పక్క గదిలో తండ్రి శ్రీనివాసరావు పేపరు మడత విప్పుతున్న చప్పుడు వినిపించింది. తణుకు నుంచి వచ్చి ప్రభుత్వ కార్యాలయంలో ఇరవై మూడేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఇప్పుడు ఆ కార్యాలయానికి తాళం. సగం మంది సహోద్యోగులు రోడ్డు మీద శిబిరంలో కూర్చున్నారు. వాళ్ల పక్కన కూర్చోలేడు, వాళ్లను దాటుకుని లోపలికి పోలేడు. కూరగాయల బండి దగ్గర కూడా ఈ మధ్య వేలితో చూపించి తెచ్చుకుంటున్నాడు. మన మాటతీరే మనల్ని పట్టిస్తుందమ్మా అని ముందురోజే చెప్పి, పేరు వెయ్యొద్దని బతిమాలాడు. తండ్రి బతిమాలడం ఆమె అంతకు ముందు వినలేదు. అందుకని చిత్రం ఆఖరి తెర మీద 'ముగ్గురు విద్యార్థులు' అని మాత్రం వేసింది. పదీ యాభై ఎనిమిదికి చిత్రం తయారైంది. రెండు నిమిషాల తరువాత కరెంటు పోయింది.

సోమవారం మధ్యాహ్నం తండ్రే ఆమెను టీవీ ముందుకు పిలిచాడు. పిలిచిన గొంతులో ఏదో ఉంది. అన్నం తింటున్న ఆమె చెయ్యి కడుక్కోకుండానే వచ్చింది.

తమ చిత్రంలోని గొంతు, తమ చిత్రంలోని చేతులు. కింద ఎర్రటి పట్టీ మీద 'అద్దాల మేడలో బందీలు' అన్న అక్షరాలు. రామ్మోహనరావు తాము ఇచ్చిన సీడీని చానెల్లో పనిచేసే పాత శిష్యుడికి ఇచ్చాడని సాయంత్రం తెలిసింది. ఇచ్చేముందు విద్యార్థులను అడగాలని ఆయనకూ తోచలేదు. నలభై సెకన్లను, ఆఖరున 'ముగ్గురు విద్యార్థులు' అన్న అక్షరాలతో సహా, చానెల్ మూడుసార్లు తిప్పి తిప్పి చూపించింది. కంప్యూటరులో అరచేయంత ఉన్న బొమ్మ టీవీలో గోడంత అయింది. అప్పుడు దేవిశ్రీ మొదటిసారి చూసింది. కుడిచేతి బొటనవేలి మీద, గోటి నుంచి మణికట్టు దాకా, చర్మం రంగు పోయి తెల్లగా, ముడతపడి ఉంది. ఏదో కాలిన మచ్చ. ఊళ్లో వెయ్యి మంది ఆడవాళ్ల చేతుల్లో పెట్టినా ఆ చెయ్యి ఎవరిదో చెప్పవచ్చు.

"ఇది నువ్వు చేసిందేనా?" అన్నాడు శ్రీనివాసరావు.

ఆమె తల ఊపింది. ఆయన లేచి కిటికీ తలుపు వేశాడు. మధ్యాహ్నం రెండింటికి, ఎండ కూడా పడని వైపు కిటికీ.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మహేందర్ ఫోను చేశాడు. భాగ్యమ్మ కూడా ఆ భవనంలోనే మరుగుదొడ్లు కడిగే పనిలో ఉంది. ఆమెను గేటు దగ్గరే ఆపి కార్డు తీసుకున్నారు. దసరా మరునాటి లోగా వచ్చి, టీవీలో మాట్లాడింది తానేనని, విద్యార్థులు చెప్పమంటే అబద్ధం చెప్పానని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయాలి. వేయకపోతే, ఉద్యమంవాళ్లతో కలిసి భవనం మీద దాడికి రెచ్చగొట్టిందని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తారు. ఆ రోజుల్లో అటువంటి ఫిర్యాదుకు ఆధారం అక్కర్లేదు, పేరు ఉంటే చాలు.

"నువ్వు ఆమె చేతులు వెట్టినవని నాకెందుకు చెప్పలే?" అన్నాడు మహేందర్. కోపంగా కాదు, మెల్లగా. అందువల్ల ఆమెకు ఇంకా భయం వేసింది.

ఆ రోజంతా ఆమె ఫోను పట్టుకుని దారులు వెదికింది. శివశంకర్ ఆ భవనం కట్టినవాళ్లతో తన తండ్రికి పరిచయం ఉందని, కెమెరా గురించి ఇంట్లో అడుగుతున్నారని, కొన్నాళ్లు తనకు ఫోను చేయొద్దని చెప్పాడు. రామ్మోహనరావు శ్రద్ధగానే విన్నాడు. చేతులు వేరే ఆవిడవని చానెల్‌కు ఒక్క మాట చెప్పమని ఆమె అడిగితే ఆయన నిట్టూర్చాడు. చేతులు మార్చారంటే మాటలూ మార్చారంటారమ్మా, అప్పుడు ఆ అయిదు రోజులు కూడా జరగలేదంటారు, అన్నాడు. అది నిజం. అసలు దృశ్యం ఉంటే చూపించవచ్చు. దాన్ని తానే చెరిపేసింది.

సాయంత్రం, సంచీలోని వస్తువులు సర్దుతూ ఆమె చిన్న రికార్డరును చేతిలోకి తీసుకుంది. శబ్దాన్ని కెమెరాతో పాటు దీంట్లో కూడా విడిగా పట్టడం ఆమె అలవాటు. బొమ్మను చెరిపేటప్పుడు ఇది జ్ఞాపకం రాలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మీట నొక్కింది.

గొంతు ఎత్తు సరిచూసుకోవడానికి ఆమె ఎవరినైనా మొదట మూడు ప్రశ్నలు అడిగేది. పేరు, ఊరు, పొద్దున ఏం తిన్నారు. మూడో ప్రశ్న దగ్గర మనుషులు కెమెరాను మరిచిపోతారు. గొంతు తన సహజమైన చోటికి వస్తుంది. ఆ ముక్కను చిత్రంలో ఎప్పుడూ ఉంచరు.

"ఈరమ్మ," అంది చెవిలో ఈరమ్మ, దించని తన అసలు గొంతుతో. "ఊరంటె గిదే, మాదాపూరే. నేను యాడికెల్లి రాలే. పొద్దుగాల సద్దిరొట్టె, ఎల్లిపాయ కారం."

దేవిశ్రీ హెడ్‌ఫోన్ తీసి తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. భాగ్యమ్మను విడిపించగల ఆధారం ప్రపంచంలో ఇదొక్కటే. ఈరమ్మను పట్టించగల ఆధారం కూడా ఇదొక్కటే. చెరిపే మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. ఒకసారి భయపడి చెరిపినందువల్ల ఏం జరిగిందో చూసింది కాబట్టి, ఈసారి నొక్కలేకపోయింది.

బుధవారం పొద్దున ఆమె షేర్ ఆటోలు మూడు మారి మాదాపూర్ చేరింది. ఆటోల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. చిల్లర కూడా అడగలేదు. రికార్డరును సంచీ అడుగున, పుస్తకాల కింద పెట్టుకుంది. ఇంట్లో ఉంచితే తండ్రి వింటాడేమోనని భయం, వెంట తెచ్చుకుంటే ఎవరైనా వెతుకుతారేమోనని భయం. కూడలి దగ్గర పోలీసులు ముళ్లకంచె చుట్టలు పక్కకు జరిపి కార్లను ఒక్కొక్కటే వదులుతున్నారు. మెడలో కార్డున్నవాళ్లు ముఖం చూపించకుండా కార్డు చూపించి పోతున్నారు. ఆమె దగ్గర ఏ కార్డూ లేదు. ఎక్కడికని అడిగితే శ్రీనివాసులు గారిని కలవాలండీ అంది. 'అండీ' నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు. కానిస్టేబులు ఒకసారి తేరిపార చూసి వదిలేశాడు.

శ్రీనివాసులు ఏజెన్సీ సూపర్‌వైజరు. భవనం వెనక, చెత్తబండ్లు ఆగేచోట రేకుల గది ఆయన ఆఫీసు. నలభై అయిదేళ్ల బక్కపలచని మనిషి. బల్ల మీద హాజరు పుస్తకం, గోడకు మేకుల వరస, ఒక్కొక్క మేకుకు ఒక్కొక్క తాళంగుత్తి. ఆమె వచ్చిన పని చెబుతుంటే ఆయన ఫినాయిలు డబ్బాల మూతలు ఒక్కొక్కటే బిగించి చూస్తూ విన్నాడు. చేతులకూ గొంతుకూ సంబంధం లేదని, బొమ్మ లేక తానే అతికించానని, భాగ్యమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఆమె చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన ముఖంలో ఆశ్చర్యం కనబడలేదు.

"కూర్చో పాపా," అన్నాడు. "యాడుండేది మీరు? ఏ ఊరు?"

ఆమె కూర్చుని సంచీని ఒళ్లోకి లాక్కుంది. ఆయన చిన్నగా నవ్వాడు.

"తెలస్తాంది లే, మాట్లాడితే. మాది హిందూపురం దగ్గర. మనం మనం. ఈ రోజుల్లో ఇట్లాంటియి మనకు బాగుండవు. బయట వాళ్లు, లోపల మనం. నువ్వు తీసింది ఎవురికి పనికొచ్చింది?"

ఆ 'మనం' ఆమె మెడ మీద చెయ్యి వేసినట్టు పడింది. తండ్రి మూసిన కిటికీ గుర్తొచ్చింది. ఈ గదిలో తాను ఏ వైపు కూర్చుందో శ్రీనివాసులు అప్పటికే తేల్చేశాడు.

శ్రీనివాసులు సొరుగు లాగి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద భాగ్యమ్మ ఫోటో. అయిదేళ్ల కిందటిది కాబోలు, జుట్టు నల్లగా ఉంది.

"ఆ బొటనవేలు నాకు తెల్దా? బాత్రూం యాసిడ్ పడింది. మందు రాసింది నేనే. ఆయమ్మ మీద నాకేం పగ? అయితే నా పైనోళ్లకు ఒక పేరు కావల్ల. ఈ పేరు కాదంటావు, సరే. ఆ గొంతు ఎవురిదో చెప్పు. ఈ కార్డు ఇప్పుడే నీ చేతికిస్తా, నువ్వే తీస్కపోయి ఇచ్చేయి."

బయట చెత్తబండి వెనక్కి వస్తూ కీచుమంది. దేవిశ్రీ చెయ్యి ఒళ్లోని సంచీ మీద ఉంది. సంచీ గుడ్డలోంచి రికార్డరు అంచు వేళ్లకు తగులుతోంది. ఆ పేరు చెప్పడం ఎంత తేలికో ఆ క్షణంలో ఆమెకు తెలిసింది. మూడు అక్షరాలు, ఒక శ్వాస. చెబితే తన తప్పు దిద్దుకున్నట్టే ఉంటుంది. నిర్దోషిని విడిపించినట్టే ఉంటుంది. ఎవరూ ఆమెను తప్పు పట్టలేరు. ఆ తేలికదనమే ఆమెను అన్నింటికన్నా ఎక్కువగా భయపెట్టింది.

"నాకు తెలియదండీ," అంది.

"తీసినోళ్లకే తెల్దా?" ఆయన కార్డును మళ్లీ సొరుగులో వేశాడు. "భాగ్యమ్మ కూడా ఇదే చెప్పింది. మూడుసార్లు అడిగినా. ఆయమ్మకు తెలుసు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకేచోట పనిచేసేవాళ్లకు మాటతీరు తెల్దా? చెప్పలేదు. నీ ఇష్టం. ఎల్లుండి దాకా టైముంది."

పాత ఊళ్లోకి దారి ఆ భవనం ప్రహరీ పక్కనే. ప్రహరీ అయిపోగానే రోడ్డు సగానికి సన్నబడి, ఇళ్ల అరుగులు కాళ్లకు తగులుతాయి. ముందురోజే పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ. వాకిళ్లలో వాడిన తంగేడుపూలు ఇంకా చీపురుకు అందక మిగిలాయి. దేవిశ్రీ ఆ దారిలో నడుస్తూ, చెప్పవలసినదాన్ని మనసులో మూడు విధాలుగా కూర్చుకుంది. మొదట భాగ్యమ్మకు చెప్పాలి. ఆమె తిడుతుంది. తిట్టనివ్వాలి.

భాగ్యమ్మ ఇంట్లో లేదు. ఈరమ్మ గడప దగ్గర ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో చేట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. మహేందర్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఈరమ్మ ఆ పూట పనిలోకి పోలేదని, అడిగితే జ్వరమని చెప్పించిందని తరువాత తెలిసింది. ఎక్కడా మొదలుపెట్టలేక దేవిశ్రీ నిలబడే అంతా చెప్పేసింది. కరెంటు పోయే తొందర, నలభై సెకన్లు, గునుగుపూలు, రేకుల గది, సొరుగులోని కార్డు. రికార్డరు సంగతి కూడా చెప్పింది. సంచీ మీద చెయ్యి పడిన సంగతి కూడా దాచలేదు.

భాగ్యమ్మ తన కుడిచెయ్యి ఎత్తి, తెల్లమచ్చ ఉన్న బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"టీవీల వొచ్చెటంత మంచిగున్నయా నా చేతులు?" అంది. "మా ఆయన జూసి, గివి నా పెండ్లాం చేతులేనా, ఎన్నడన్న గింత నెమ్మదిగ పని జేసినవా ఇంట్ల, అన్నడు. నీ గొంతు మాత్రం మొగపీనుగ గొంతు లెక్కుంది ఈరమ్మక్కా."

ఈరమ్మ నవ్వలేదు. ఆమె టీవీలో మొదటిసారి విన్నప్పుడే పోల్చుకుంది. గొంతు దించినా, కండ్లు తిరిగి పడ్డ పిల్ల సంగతి చెప్పిన వరస తనదేనని తెలిసింది. చేతులు ఎవరివో కూడా తెలిసింది. రెండు రాత్రులు నిద్ర లేదు. భాగ్యమ్మను గేటు దగ్గర ఆపిన పొద్దున తాను అదే గేటులోంచి, తల వంచుకుని, కార్డు చూపించి లోపలికి పోయింది. ఆ సంగతి ఆమె దేవిశ్రీకి చెబుతూ చేటలోని చిక్కుడుకాయను తుంచడం ఆపేసింది.

"గీ భాగ్యమ్మ రెండు దినాల నుంచి నా పేరు కడుపుల వెట్టుకొని కూసుంది. నేను నా మొఖం దాసుకొని కూసున్న. దాసుకుంటె అది యాడికి వోతది బిడ్డా? పక్కదాని మీద వడ్డది. ఇయ్యాల భాగ్యమ్మ. రేపు లచ్చమ్మ అంటరు. మొఖం లేకుంటె ఎవ్వలి చేతులన్న నా చేతులే."

"పేరు చెబితే మీ మీద ఫిర్యాదు ఇస్తారండీ," అంది దేవిశ్రీ. "పని పోతుంది. మహేందర్‌ని, నన్ను కూడా పిలుస్తారు. నేను రేపు మళ్లీ వెళ్లి, తప్పంతా నాదేనని రాసి ఇస్తాను. అప్పుడేమైనా..."

"నువ్వు రాసిస్తె ఏమైతది? గా అయిదు దినాలు లేనట్టే ఐతది." ఈరమ్మ చేటను భాగ్యమ్మ వైపు జరిపింది. "సూపర్‌వైజరు శీనయ్య కాడికి నేనే వోదామనుకున్న. గని గాయిన ముంగట చెప్తె గా రేకుల అర్రలనే ఉంటది. పొద్దుగూకకముందు నా పేరు నాకే తెల్వకుంట జేస్తడు. గందుకె గా డబ్బా తే. మల్ల చెప్త. ఈపారి మొఖం తోటి, టీవీల అందరు జూసెటట్టు."

మహేందర్ దేవిశ్రీ వైపు చూశాడు. కెమెరా లేదని ఆమె అనబోయింది. అతడు అప్పటికే ఎదురుగా ఉన్న తన గదిలోకి పోయి నల్లసంచీ తెచ్చాడు. పొద్దున ఏడింటికే శివశంకర్ వచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండా, బ్యాటరీ నిండుగా ఉందని మాత్రం చెప్పి వెళ్లిపోయాడట. అది ధైర్యమో, వదిలించుకోవడమో ఎవరికీ తెలియదు.

ఈరమ్మ ఇంట్లోకి పోయి వచ్చింది. చీర మార్చుకోలేదు. చీర మీద ఏజెన్సీవాళ్ల నీలం కోటు తొడుక్కుని, గుండీలు మెడ దాకా పెట్టుకుంది. మెడలో కార్డు వేసుకుంది. అది తిరగబడి వెనకవైపు కనబడుతుంటే, పేరూ ఫోటో ఉన్న వైపు ముందుకు తిప్పి, అరచేత్తో ఒత్తి సరిచేసుకుంది. గోడ నీడలో కాకుండా వెలుతురులో కూర్చోమని మహేందర్ చెప్పవలసిన పని లేకపోయింది. ఆమె తనంతట తానే పీటను ఎండలోకి జరుపుకుంది. వెనక, ఇళ్ల కప్పుల మీదుగా, అద్దాల మేడ పై మూడంతస్తులు కనబడుతున్నాయి. అక్కడి నుంచి చూసినా ఈ వాకిలి ఇలాగే కనబడుతుందని దేవిశ్రీకి తోచింది. ప్రతి కిటికీ వెనకా ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది.

భాగ్యమ్మ చిన్న స్టీలు గిన్నె తెచ్చి దేవిశ్రీ చేతిలో పెట్టింది. నిన్న బతుకమ్మకు చేసిన మలీద, రొట్టె బెల్లం కలిపి నలిపింది. తెల్లమచ్చ బొటనవేలు గిన్నె అంచున ఉంది. తినే దాకా కదలనన్నట్టు నిలబడింది. దేవిశ్రీ రెండు పిడికెళ్లు తిని గిన్నె తిరిగి ఇచ్చింది.

రికార్డరును పీట పక్కన ఇటుక మీద పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుంది. చెవిలో గిరగిరమని శబ్దం. మొబైల్ మోగబోయే ముందు రికార్డరులో వినబడే చప్పుడది. జేబులోంచి తీసి చూస్తే తండ్రి పేరు. ఆమె ఒక్క క్షణం ఆ పేరు చూసి, ఫోను పూర్తిగా ఆపేసింది. చెవిలో నిశ్శబ్దం పరుచుకుంది. దూరంగా జనరేటరు, దగ్గరగా ఈరమ్మ శ్వాస.

"పేరు చెప్పండి," అంది.

"ఈరమ్మ."

"ఊరు?"

"మాదాపూరు."

"పొద్దున ఏం తిన్నారు?"

"ఏం దినలే." ఈరమ్మ ఆగింది. కెమెరా వైపు కాకుండా, హెడ్‌ఫోన్ పెట్టుకున్న పిల్ల వైపు చూసింది. "నా పేరైతె అడిగినవు. రెండుమాట్ల అడిగినవు. నీ పేరు యాడుంది దాంట్ల? టీవీల జూసిన. ఆకర్కి ముగ్గురు పిల్లలని వడ్డది. ఏ పిల్లలు?"

మహేందర్ కెమెరా వెనక నుంచి తల బయటికి పెట్టి, పెద్దమ్మా, నడుస్తున్నది, అన్నాడు. ఈరమ్మ వినిపించుకోలేదు.

"చెప్పు బిడ్డా. నేను చెప్పినట్టే చెప్పు. పేరు, ఊరు, పొద్దుగాల ఏం దిన్నవో. తర్వాత నేను మొదలువెడ్త."

ఈ మూడు వారాల్లో ఆమె ఊరేదన్న ఈ రెండో ప్రశ్నకు భయపడే ఆటోల్లో నోరు మూసుకుంది. ఇప్పుడు ఆ ప్రశ్నే పీట మీద కూర్చుని, మెడలో కార్డుతో, ఎదురు చూస్తోంది. దేవిశ్రీ మోకాళ్ల మీద వంగి, ఇటుక మీది రికార్డరుకు దగ్గరగా జరిగింది. తన గొంతు తన చెవుల్లోనే పరాయిదిగా వినబడింది.

"నా పేరు దేవిశ్రీ. మా నాన్నగారిది తణుకండీ." ఊపిరి తీసుకుంది. "నేను పుట్టింది మూసాపేట. ఉండేది ప్రగతి నగర్. పొద్దున ఏమీ తినలేదు. ఇప్పుడు భాగ్యమ్మ గారు పెట్టిన మలీద తిన్నాను."

రికార్డరు మీది పచ్చగీతలు ఆఖరి మాటను కూడా పట్టి చూపించి, మెల్లగా దిగాయి.

"తెల్వలే నాకు," అంది ఈరమ్మ, "మూసాపేట పిల్లవని." ఆమె కోటు అంచు సరిచేసుకుని, ముఖం కెమెరా వైపు తిప్పింది. "సరె. ఇంత దాంక చెప్పింది కొయ్యకుండ్రి. సోమారం పొద్దుగాల లోపలికి వోయినోళ్లం..."

దేవిశ్రీ చెవుల మీది హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఎదురుగా, అద్దాల మేడ పై అంతస్తులో, ఎవరో కిటికీ తెర పక్కకు లాగారు.